లక్కమ్మ కొలత: శరణుల దృష్టిలో స్వాతంత్ర్యము

స్వాతంత్ర్యమనగా తన ఇచ్చ వచ్చినట్లు నడచుటయని లోకములో సాధారణముగా చెప్పుకొందురు. అడ్డు చెప్పువాడు లేకుండవలెను, కోరినది కొనుటకు చేతిలో ధనముండవలెను, ఇక ఆ మనిషి స్వతంత్రుడే యని పలువురి తలంపు. శివశరణులు ఈ తలంపును అంగీకరింపలేదు. ఇచ్చ వచ్చినట్లు నడచువాడు ఆ ఇచ్చకు సేవకుడు. అది ఎచ్చటినుండి వచ్చినదో, ఎవరు రేపినదో కూడ వాడెరుగడు. పొరుగింటి గోడను చూచి తన గోడ ఎత్తు పెంచువాని చేతిలో తాపీ యున్నను, ఆ చేతిని నడుపుచున్నవాడు పొరుగువాడే. అందువలన శరణులు స్వాతంత్ర్య విచారమును ఒక చిన్న ప్రశ్నతో ఆరంభించిరి. నీకు ఎంత కావలెను?

ఈ ప్రశ్నకు ముందు మరియొక సంగతి గమనింపదగినది. బాగేవాడిలో బాల బసవన్న ఉపనయనమును నిరాకరించి యిల్లు విడిచిన వృత్తాంతము పాల్కురికి సోమనాథుని బసవపురాణము వలన తెలుగు వీరశైవులకు సుపరిచితము. ఈ కథను చదువునపుడు చాలమంది నిరాకరణముతోనే ఆగిపోవుదురు. కట్టుబాట్లను త్రెంచుకొనుటయే బసవన్న బోధయని తలచు యువకులు నేడును లేకపోలేదు. కాని జందెమును వలదన్న బసవన్న లింగమును వలదనలేదు. లింగధారణతో వచ్చు నియమములు జందెముతో వచ్చువానికంటె తేలికవి కావు. పూజ చేయక ముద్ద ముట్టరాదు, కాయకము చేయక కూర్చుండరాదు, పరధనమును ఆశింపరాదు. భేదమెక్కడనగా, ఒకటి పుట్టుకను బట్టి మీద పడినది, కొందరికి మాత్రమే పరిమితమైనది. రెండవది తెలిసి, కోరి, గురుముఖమున స్వీకరించునది. ఆడువారికిని మగవారికిని, ఏ వృత్తివారికైనను సమానమైనది. వెలుపలివారు బిగించినది బంధము. తాను అర్థము తెలిసికొని కట్టుకొన్నది వ్రతము. ఈ భేదము మనస్సున నిలిచినచో ఆయ్దక్కి లక్కమ్మ కథ చక్కగా బోధపడును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు అమరేశ్వరమునుండి కల్యాణమునకు వచ్చినవారు. అమరేశ్వరము నేటి రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోనిది. కల్యాణము నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. ఈ రెండు జిల్లాలును 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనివే కనుక తెలంగాణ లింగాయత కుటుంబములకు ఈ కథాస్థలములు పొరుగూళ్లవంటివి. కన్నడములో ‘ఆయ్దక్కి’ యనగా ఏరిన బియ్యము. బసవేశ్వరుల మహామనె వాకిట నేలపై రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. అట్లు తెచ్చిన బియ్యముతో వంట చేసి, జంగములకు దాసోహము జరిపి, మిగిలిన ప్రసాదముతో ఆ దంపతులు తృప్తి పొందెడివారు. ఇంతకంటె చిన్న కాయకమును ఊహించుట కష్టము. పొలము లేదు, మగ్గము లేదు, పనిముట్టు కూడ లేదు. వంగిన నడుము, వ్రేళ్లు, ఒక గుడ్డ మూట, ఇంతే వారి సంపద.

15వ శతాబ్దమున కన్నడములో సంకలితమైన శూన్యసంపాదనలో వీరి వృత్తాంతమునకు ప్రత్యేకముగా ఒక ప్రకరణమే కలదు. ఒకనాడు మారయ్య అనుభవ గోష్ఠిలో మునిగి కాయకపు వేళను మరచెను. ఇంటివద్దనున్న లక్కమ్మ ఆ సంగతిని గుర్తు చేయగా తత్తరపడి మహామనె వాకిటికి పోయెను. ఆనాడు అక్కడ గింజలు ఎప్పటికంటె ఎక్కువగా పడియున్నవి. బసవేశ్వరులే వాత్సల్యముతో వానిని చల్లించిరని సంప్రదాయము. మారయ్య వానినన్నింటిని ఏరి మూట గట్టి యింటికి తెచ్చెను. లక్కమ్మ మూటను చేతితో ఎత్తి చూచినది. బరువు తెలిసినది. ఇది మన కొలత కాదని, ఇంత బియ్యముపై ఆశ కొలువులు నడుపు ప్రభువులకు తగునేమోగాని భక్తుని యింటికి తగదని, దీనిని శివుడు మెచ్చడని, తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తకు చెప్పినది. మారయ్య మరల పోయి, రోజు తెచ్చునంత ఉంచుకొని, అధికమైన దానిని వాకిట పోసి వచ్చెను.

ఈ కథను హరికథలలో, ప్రవచనములలో వినని లింగాయత గృహము అరుదు. వినుట ఎక్కువైనందున ఇందులోని చిక్కు కనబడకపోవుట కూడ కలదు. మారయ్య దొంగిలింపలేదు. ఎవరినీ మోసగింపలేదు. నేలపై పడినదానిని ఏరుట ఆయన కాయకమే. చల్లించినవారు సాక్షాత్తు బసవేశ్వరులు. చల్లించిన ఉద్దేశమును ప్రేమయే. ధర్మశాస్త్రముల నెన్నింటిని తిరుగవేసినను ఈ మూటలో దోషము కానరాదు. మరి లక్కమ్మకు కనబడిన దోషమేమి?

ఆ అధికమైన బియ్యము మారయ్య కాయకము వలన వచ్చినది కాదు, మరియొకరి దయ వలన వచ్చినది. రాలిన గింజ ఎవరిదియు కాదు. చల్లిన గింజకు చల్లినవాడున్నాడు. ఒకనాడు దయతో నిండిన మూటకు అలవాటుపడినచో మరునాడు కన్ను నేలపై నుండి లేచి దాత ముఖముపైకి పోవును. ఈరోజు చల్లించినారా, చల్లింపలేదా, మనపై ప్రసన్నులుగా ఉన్నారా, లేరా యను లెక్కలు మొదలగును. దాత ముఖమును చూచి బ్రదుకువాడు ఆ దాత యెదుట ఉన్నది ఉన్నట్లు పలుకలేడు. అనుభవ మంటపములో బిజ్జలుని భాండాగారాధికారియైన బసవేశ్వరులును, గింజలేరు మారయ్యయు ఒకే వరుసలో కూర్చుండి ప్రశ్నించుకొన్నవారు. ఆ సమానత్వము దేనిపై నిలిచియుండెను? మారయ్యకు బసవేశ్వరులనుండి కావలసినదేమియు లేకపోవుటపై నిలిచియుండెను. ఆ మూటతో తరిగిపోవునది ఈ సమానత్వమే. లక్కమ్మ దానిని బరువు చూచి కనిపెట్టినది.

మరియొక కోణము కూడ కలదు. నేటి బియ్యము రెండు రోజులకు వచ్చునంతయైనచో రేపటి కాయకము ఏమి కావలెను? మిగిలిన బియ్యమునకు ఒక కుండ కావలెను, కుండకు మూత, ఇంటికి గడియ, గడియకు కాపలా. పురుగు పట్టునేమో యని, ఎలుక పోగొట్టునేమో యని ఒక కన్ను ఎప్పుడును కుండపైననే ఉండును. గోష్ఠిలో కూర్చున్నను మనస్సు ఇంటివద్దనే తిరుగును. సంపాదించినది కాపాడుకొనుటలో ఖర్చగు ఆయుస్సును ఏ లెక్కల పుస్తకములోను ఎవరును వ్రాయరు.

ఈ కథలో భార్య స్థానమును మన ప్రవచనకారులు మరికొంత గట్టిగా చెప్పవలసియున్నది. ఆడంబరమునకు, అప్పులకు ఇంటి ఆడువారే కారణమని తేలికగా నిందించు అలవాటు మగవారిలో చాలకాలముగా ఉన్నది. ఇక్కడ కొలతను మరచినవాడు గోష్ఠిలో తత్త్వము మాటాడివచ్చిన భర్త. కొలతను కాపాడినది పొయ్యివద్దనున్న లక్కమ్మ. ఆమె వచనకర్త్రి కూడ. శుద్ధమైన మనస్సుతో కాయకము చేయువారికి పేదరికమను మాట తగులదని ఆమె భావము.

ఆమె ఒక్కతెయే ఇట్లు నడచినదని భావింపరాదు. మోళిగ మారయ్య కథ మనకు తెలుగులోనే, బసవపురాణములోనే కలదు. అడవిలో కట్టెలు కొట్టి, మోపు తెచ్చి, కల్యాణములో అమ్మి, ఆ వచ్చిన దానితో జంగములకు అంబలి పెట్టినవాడు ఆయన. కాశ్మీరమున రాజ్యము విడిచి వచ్చినవాడని కన్నడ సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన యింట లేని సమయమున బసవేశ్వరులు వచ్చి, అంబలి స్వీకరించి, కొంత బంగారమును చాటుగా ఉంచి పోయిరి. మారయ్య వచ్చి చూచి నొచ్చుకొనెను. ఆ ధనమును జంగములకు పంచివైచి మరల కట్టెల మోపు నెత్తికెత్తుకొనెను. త్రాళ్లు పేని అమ్ముకొన్న నులియ చందయ్య తన త్రాటికి తగిన వెలకు మించి వచ్చిన సొమ్మును అంగీకరింపలేదు. వీథులూడ్చిన సత్యక్క, దారిలో పడియున్న బంగారమును వస్త్రమును కూడ ముట్టనని, లంచమునకు చేయి చాపనని వచనముఖమున బాస చేసినది. కథలు వేరైనను అన్నిటను ఒక చేయి వెనుకకు తీసికొనబడుచున్నది, ఆ తరువాత అదే చేయి పనిలోనికి పోవుచున్నది.

ఇచ్చట ఒక ఆక్షేపము వచ్చును. అది తోసిపుచ్చదగినది కాదు. ఉన్నదానితో తృప్తిపడుమని పేదవానికి చెప్పుట ధనికునకు మిక్కిలి అనుకూలమైన ఉపదేశము. కూలి తక్కువ ఇచ్చువాడు ‘నిరాడంబరముగా బ్రదుకుము’ అని కూలివానికి బోధించినచో అది శరణధర్మమగునా? కాదు. కడుపునకు చాలనివానికి లక్కమ్మ కథను వినిపించుట ఆ కథను అవమానించుటయే. ఆమె వలదన్నది చాలినంతకు మించినదానిని, అది కూడ తన యింటివరకు, తన నోటితో. నులియ చందయ్య తగిన వెలను వదులుకొనలేదు, తగనిదానినే వదలెను. పనికి తగిన ప్రతిఫలము కాయకములో భాగమే. ఈ కొలత ఎవరికి వారు పెట్టుకొనవలసినది. ఒకరి మూటను మరియొకరు ఎత్తిచూచుటకు ఉద్దేశింపబడినది కాదు. భార్యాభర్తలు ఒకరి మూటను ఒకరు చూడవచ్చును, అంతవరకే.

ఇక నియమము స్వాతంత్ర్యమును ఎట్లు ఇచ్చునను ప్రశ్న. పంచాచారములలో లింగాచారమును, సదాచారమును కలిపి చూచినచో సమాధానము దొరకును. ఇష్టలింగపూజ చేయక ఆహారము తీసికొనరాదను నియమము అందరికి తెలిసినదే. దీనిని ఒక ఆచారముగా మాత్రమే ఎంచువారికి ఇందులోని శిక్షణ కనబడదు. ఉదయమున ఆకలి వేసినది. అన్నము ఎదుట నున్నది. చేయి ముందుకు పోవలెను. ఆ క్షణమున నియమము అడ్డు నిలిచి, ముందు లింగమును అరచేత నిలిపి చూడుమనుచున్నది. ఆకలికిని చేతికిని మధ్య కొంత ఎడము ఏర్పడినది. పశువునకు ఈ ఎడము లేదు. ఆ ఎడములోనే మనిషి తన్ను తాను చూచుకొనును, ఆ ఎడములోనే ‘ఔను’ ‘కాదు’ అను నిర్ణయము పుట్టును. ప్రతిదినము అన్నము విషయమున ఇట్లు ఆగుట నేర్చినవానికి కోపము వచ్చినపుడు నాలుకను ఆపుట, అంగడిలో వస్తువును చూచినపుడు సంచిని ఆపుట క్రమముగా వశమగును. పూజ ముగించి, లింగమును కరడిగలో పెట్టిన మరుక్షణమే అంగడికి పరుగెత్తువాడు నియమమును పాటించినాడేగాని దాని ఫలమును అందుకొనలేదు. లింగము శరీరముపైననే యుండుట కూడ స్వాతంత్ర్యమే. ఆ భక్తుడు ఏ ఊరు పోయినను గుడి తలుపు తెరచువాని కొరకు వేచియుండనక్కరలేదు.

సదాచారమనగా నీతితో కూడిన కాయకముతో జీవించుట. ఈ ఆచారమునకు నేడు కలుగుచున్న పెద్ద విఘాతము అప్పు. పంటకై, చదువుకై, వైద్యమునకై చేయక తప్పని అప్పుల సంగతి వేరు. ఇక్కడ చెప్పుచున్నది పెండ్లి పందిరికి, గృహప్రవేశ విందునకు, చుట్టముల యెదుట తల ఎత్తుకొనుటకు చేయు అప్పును గురించి. తల ఎత్తుకొనుటకై చేసిన అప్పు పది సంవత్సరములు తల దించునట్లు చేయును. నెలనెల కంతులు కట్టవలసినవాడు అధికారి అన్యాయము చేయమన్నపుడు కాదనలేడు. కొలువు పోవునను భయము వాని గొంతును పట్టుకొనును. వాడు స్వభావముచే అవినీతిపరుడు కాకపోవచ్చును. సంతకము పెట్టిన చేతిని కంతు పట్టుకొని నడిపినది. లక్కమ్మ భయపడినది ఇట్టి స్థితికే. నేడు వాకిట బియ్యము చల్లువారు వేరు, చల్లు విధానము వేరు. చేతిలోని ఫోను తెరపై ఇప్పుడు తీసికొని తరువాత కట్టుమని పిలుచు ప్రకటన చల్లిన గింజయే. అందులో బసవేశ్వరుల వాత్సల్యము కూడ లేదు.

గృహస్థులు ఆచరింపదగినది కష్టమైనది కాదు. పెండ్లి నిశ్చయమైనపుడు, చుట్టముల సలహాలు మొదలగుటకు ముందే, భార్యాభర్తలు కూర్చుండి ఇంటి సంపాదనను బట్టి ఇంత ఖర్చు చేయుదుమని కాగితముపై వ్రాసికొనవలెను. ఆ తరువాత వచ్చు ప్రతి సలహాను ఆ కాగితముతో కొలువవలెను. అవసరము కాని వస్తువును కొనవలెనని తోచినపుడు ఆ సాయంకాలపు పూజ ముగియువరకు ఆగవలెను. పూజ తరువాత కూడ అది కావలెననియే తోచినచో కొనవచ్చును. చాలసార్లు తోచదు. సంవత్సరమునకొక పర్యాయము, శ్రావణమాసములోనో శివరాత్రికి ముందో, ఇంటిలోని పెట్టెలు తెరచి ఏడాదిపాటు ముట్టని బట్టలను, పాత్రలను తీసి అవి కావలసినవారికి ఇచ్చుట మంచిది. పిల్లల యెదుటనే, వారి చేతులతోనే ఇప్పింపవలెను.

నిరాడంబరతకు కూడ ఒక ఆడంబరము కలదు. నూలు వస్త్రము కట్టినానని, ఒక పూట మాత్రమే తినుచున్నానని, ఏమియు దాచుకొనలేదని చెప్పుకొను నోరు, నగలు చూపించుకొను మెడవంటిదే. చేసితినను తలంపు మనస్సున మెరసినచో చేసినదంతయు వ్యర్థమని బసవేశ్వరుల వచనములు పదేపదే హెచ్చరించుచున్నవి. నియమము పాటింపని బంధువును చూచి ముఖము ముడుచుకొనువాడు తన నియమమునకు దాసుడైనాడు గాని దానివలన విముక్తుడు కాలేదు. భృత్యాచారమును పంచాచారములలో చేర్చిన పెద్దలు ఈ ప్రమాదమును ఎరిగినవారే. లోభమును సరళజీవనముగా చూపించుకొనుట మరియొక ప్రమాదము. లోభి కొలత తక్కువది కాదు, వానికి అసలు కొలతయే లేదు. ఎంత దాచినను చాలదు. లక్కమ్మ బియ్యమును వెనుకకు పంపినది, కాని జంగములకు పెట్టుటను ఒక్కనాడును మానలేదు.

ఈ జీవితమార్గము 12వ శతాబ్దముతో ముగిసిపోలేదనుటకు ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారి చరిత్ర సాక్ష్యము. 1880లో ధారవాడలో జన్మించిన ఆయన బిజాపూరులో న్యాయవాది. ఆ వృత్తిలో ఆయన కోరినంత గడింపగలిగియుండెడివారు. తాళపత్రములలో, మఠములలో, గృహములలో చెదలకు ఆహారమగుచున్న శరణుల వచనములను చూచినప్పటినుండి ఆయన సంపాదనకు మరియొక దారి ఏర్పడినది. ఊరూరు తిరిగి ప్రతులను సేకరించి, పాఠములను సరిచూచి, 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించిరి. ముద్రణాలయము కొరకు నివసించు ఇంటినే అమ్మివేసిరి. 1926లో శివానుభవ పత్రికను ఆరంభించిరి. 1964లో లింగైక్యము చెందువరకు సామాన్య జీవితమే గడపిరి. ఇల్లు అమ్ముటను త్యాగమని అందరును కీర్తింతురు, అది నిజమే. కాని ముందుగా తన అవసరములను కుదించుకొననివాడు ఇల్లు అమ్మలేడు, అమ్మినను ఆ డబ్బు ముద్రణాలయమునకు చేరదు. లక్కమ్మ వచనములు నేడు మన చేతిలో నున్నవనగా, ఆమెవలెనే కొలత పెట్టుకొన్న ఒక న్యాయవాది వలన కూడ నున్నవి.

కొలత తగ్గించుకొన్నచోట దాసోహము కూడ తగ్గునేమో యని సందేహించువారు తుమకూరు సిద్ధగంగా మఠమును చూడవచ్చును. 1907లో జన్మించి 2019లో లింగైక్యము చెందిన శ్రీ శివకుమార స్వామివారు తెల్లవారుజాముననే లేచి పూజ ముగించి, మితాహారము తీసికొని, వంద సంవత్సరములు దాటిన వయస్సులోను ఆ నియమమును వదలినవారు కారు. తమకొరకు వారు తీసికొన్నది అంత తక్కువ. అదే మఠములో సుమారు 10,000 మంది విద్యార్థులకు, కులమతభేదము లేక, భోజనము, వసతి, చదువు ఉచితముగా లభించుచు వచ్చినవి. పల్లెలనుండి రైతులు ఇచ్చిన ధాన్యము ఆ వంటశాలకు ఆధారము. స్వామివారు ఒక్కరి కొరకు ఎక్కువగా వండుకొనియుండినచో ఆ రైతులు బండ్లు కట్టుకొని వచ్చెడివారు కారు.

మారయ్య, లక్కమ్మల వృత్తాంతములో బియ్యమును మరల పోసివచ్చిన పిదప మరియొక ఘట్టము కలదు. ప్రవచనకారులు దీనిని మహిమగా చెప్పుదురు. ఆ కొద్దిపాటి బియ్యముతోనే లక్కమ్మ బసవేశ్వరులను, లక్షయు తొంబదియారు వేల జంగములను దాసోహమునకు ఆహ్వానించినదట. అందరును వచ్చిరి, అందరికిని చాలినది. సంఖ్యను గురించి వాదింపనక్కరలేదు. ఆహ్వానించినది గింజలేరుకొను ఇల్లు. వచ్చినది కల్యాణపు భాండాగారమును చూచు అధికారి. ఆనాడు లక్కమ్మ చేతి కొలతతో వడ్డించిన అన్నమును బసవేశ్వరులు ఆమె వాకిట కూర్చుండి స్వీకరించిరి.